ఏడు నెలల ఒడి

“ఊదండమ్మా, ఊదండి, ఇంకా ఇంకా, ఆపొద్దు” అని పరీక్ష చేసే అమ్మాయి పక్కన నిలబడి తరుముతుంటే, ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం పెట్టుకుని నేను ఊదాను. కంఠేశ్వర్‌లో మా ఇంటికి కొన్ని సందుల అవతల ఉన్న ఛాతీ డాక్టరు దగ్గర జరిగింది ఇది. ఊదడం మొదలుపెట్టీ పెట్టకముందే ఊపిరి అయిపోయింది. ఆ అమ్మాయి కంప్యూటరులోని గీత వంక చూసి, నా వంక చూసి, “మళ్లీ ఒక్కసారి” అంది. మళ్లీ ఊదాను, మళ్లీ అంతే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడపిల్లల బడిలో పద్యాలు చెప్పిన నోరు ఇది. అయితే ఒక్క పద్యమైనా ఒక్క ఊపిరిలో చదివింది లేదు. మధ్యలో ఆగి, గాలి తీసుకుని, భావం కోసం ఆగినట్టు నటించేదాన్ని. పిల్లలు కూడా సరిగ్గా అక్కడే ఆగడం నేర్చుకున్నారు. గట్టి ఊపిరి ఉన్న పిల్లలంతా నా రోగాన్ని అప్పజెప్పేవారు. తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే దగ్గొస్తుంది.

డాక్టరమ్మది చిన్న వయసే. బోధన్ పక్క పల్లె పిల్లనని తానే చెప్పింది. “బీడీగానీ సిగరెట్‌గానీ తాగే అలవాటుందా అమ్మా?” అని అడిగింది. “తాగలేదు బిడ్డా, చుట్టినం” అన్నాను. ఆమె నవ్వలేదు. వీపు మీద గొట్టం ఆనించి వింటూ, జాకెట్టు కింద పక్కటెముకల మీద ఉన్న నల్లటి మచ్చలు చూసి ఆగింది. “ఇవి వాతలు గదా. మీరు నెలలు నిండకముందే పుట్టిన్రా?” అంది. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగిన డాక్టరు లేడు. జలుబన్నారు, పడకపోవడమన్నారు, వయసన్నారు, ఒకాయనైతే మనసులో దిగులు పెట్టుకోవద్దని బుద్ధి చెప్పి పంపాడు. ఏడో నెలలో పుట్టానని చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, మనవరాలికి అర్థమయ్యేలా చెప్పినట్టు నాకు చెప్పింది.

“ఊపిరితిత్తులల్ల గాలి నిలిచే చిన్న చిన్న గదులుంటయమ్మా. తల్లి కడుపుల ఆఖరి నెలలల్లనే అవి ఎక్కువ తయారయితయి. పుట్టినంక గూడ కొన్నేండ్లు పెరుగుతనే ఉంటయి. మీకు ఆ ఆఖరి నెలలు లేకపాయె. పెరగాల్సిన ఏండ్లల్లనేమో పొగ, తంబాకు దుమ్ము, చలికాలమొస్తె నిమ్ము. వయసు మీదపడితె అందరికి ఊపిరి తగ్గుతది. కానీ అందరు నిండు బిందెకెళ్లి ఖర్చు చేసుకుంటరు. మీరు సగం బిందెతోని మొదలుపెట్టిన్రు.” ఇక నిండదా అని అడిగాను. “నిండదమ్మా. ఉన్నది తొందరగ అయిపోకుండ చూసుకుందాం” అంది. అబద్ధం చెప్పలేదని ఆమె మీద గౌరవం కలిగింది. కొంచెం చెప్పినా బాగుండేదని కూడా అనిపించింది.

పీల్చే మందు ఎలా వాడాలో ఆమె చూపిస్తుండగానే ఫోను మోగింది. బోధన్ నుంచి మా లచ్చక్క. నాకు పెద్దక్క, మేము పుట్టిన ఇంట్లోనే ఇప్పటికీ ఉంటోంది. “గంగా, మౌనిక బిడ్డను దవాఖానకెళ్లి ఇంటికి తెచ్చినం. రేపు శుక్రారం మంచిది. వచ్చి ఒడి పట్టు” అంది. మౌనిక అక్కకు కూతురి కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. దానికి ఏడు నెలలు దాటీ దాటకుండానే కాన్పయింది. ఆ పసిపిల్లను ఇన్నాళ్లూ సర్కారు దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉంచారు. సంగతి విని డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. “ఆ పాపనన్న కాపాడుండ్రి అమ్మా. పొగ తగలనియ్యకుండ్రి. తంబాకు ఉన్న అర్రల పండవెట్టనియ్యకుండ్రి. తల్లి ఒంటికి ఆనిచ్చుకుంటె సాలు, గంత వెచ్చదనం ఏ కుంపటి ఇయ్యదు. ఈ మొదటి ఏండ్లు మంచిగ గడిస్తె ఆ ఊపిరితిత్తులు చాలావరకు కోలుకుంటయి. మీది అయిపోయింది. ఆమెది ఇంకా కాలే.” మీది అయిపోయింది అన్న మాట కంటే ఆ రెండో మాటే నన్ను ఎక్కువ పట్టుకుంది. ఇంటికొచ్చి చీర సర్దుకున్నాను.

మర్నాడు బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ దారికి ఒకప్పుడు వాసన ఉండేది. కళ్లు మూసుకుని కూర్చున్నా ఊరు దగ్గరికొచ్చిందని ముక్కు చెప్పేది. చక్కెర ఫ్యాక్టరీ ఆడే నెలల్లో ఉడుకుతున్న చెరుకు రసం తీపి, దాని వెనకే పులిసిన మడ్డి కంపు, రెండూ కలిసి బట్టల్లోకి, అన్నంలోకి, చివరికి నా బడి పుస్తకాల్లోకి దిగేవి. మా బాపు చెరుకు బండి తోలేవాడు. బండ్ల వరుస ఊరి బయటిదాకా ఉండేది. తన వంతు వచ్చేదాకా బండి కిందే గొంగడి పరుచుకుని పడుకునేవాడు. ఇంటికొచ్చేటప్పుడు రసం తీసిన చెరుకు పిప్పి సంచిలో కుక్కి తెచ్చేవాడు. మా పొయ్యికి అదే కట్టె. అది భగ్గున మండేది, అంతలోనే ఆరిపోయేది, మిగతా సేపంతా పొగ పెట్టేది. అవ్వ, అంటే మా అమ్మ, కళ్లు తుడుచుకుంటూ ఊదుతుంటే నేను ఆమె వీపుకు ఆనుకుని కూర్చునేదాన్ని. చలికాలంలో అంతకంటే హాయి మరొకటి లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతబడింది, దారి పొడుగునా చెరుకు పోయి వరి వచ్చింది. ఆ వాసనలు పోయాయని నాలాంటి పాతవాళ్లం బాధపడుతూ వ్యాసాలు రాస్తుంటాం. నేనూ రాశాను, దానికి శాలువా కూడా కప్పారు. ఆ వాసనను పొగిడిన చేతిలోనే ఇవాళ పీల్చే మందు డబ్బా ఉంది.

మాది రెండు అర్రల ఇల్లు. అర్ర అంటే గది. ముందు అర్రలో మేమంతా, వెనక అర్రలో తునికాకు, తంబాకు. మా సందులో ఏ ఇంటికి పోయినా ఇంతే, ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. తంబాకుకు తేమ తగలకూడదని వెనక అర్రకు కిటికీ పెట్టలేదు. వాన రోజుల్లో, చలి రోజుల్లో అక్కడ కుంపటి ఆరేది కాదు. చుట్టిన బీడీల కట్టలు దాని చుట్టూ పేర్చి ఆరబెట్టేవారు, మెత్తబడితే కార్ఖానాలో తీసి పారేస్తారని భయం. అవ్వ తెల్లవారకముందే లేచి ఆకు తడిపి గోనెసంచిలో చుట్టేది. వంట, వాకిలి అయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఇక ఆమె చేతులు ఆమె మాట కూడా వినేవి కావు. ఎవరితోనో మాట్లాడుతూ, ఎవరినో తిడుతూ, నాకు అన్నం తినమని సైగ చేస్తూ ఉండేది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. దారం పళ్లతో తెంపేది. బయటికి పోతుంటే ఎవరైనా తుమ్మితే ఆగాలనే పట్టింపు మా ఇంట్లో లేదు. ఉంటే మేమెవరం జన్మలో గడప దాటేవాళ్లం కాదు.

నేను పుట్టినప్పుడు నన్ను ఎవరూ తూచలేదు. బీడీల చాటలో పడుకోబెడితే కాళ్ల దగ్గర ఇంకా చాలా చోటు మిగిలిందని అక్క చెప్పేది. పేరు పెట్టి మనసు తగిలించుకోవద్దని మంత్రసాని చెప్పి పోయిందట. అవ్వ జ్వరంతో లేవలేకపోయింది. అక్కకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు, బడికి పోతోంది. నన్ను పత్తిలో చుట్టి, చాటతో సహా వెనక అర్రలోకి తీసుకుపోయి, కుంపటి పక్కన పెట్టుకుని కూర్చుంది. పాలు పీల్చే శక్తి నాకు లేకపోతే దూది వత్తితో చుక్క చుక్క నాలుక మీద పిండింది. పొద్దునా సాయంత్రమూ నిప్పుల మీద ఎల్లిగడ్డ పొట్టు, ఓమ, సాంబ్రాణి వేసి, ఆ పొగలో నన్ను అటూ ఇటూ తిప్పేది. ఛాతీ గట్టిపడాలని. నేను తేరుకునేదాకా ఆ అర్ర తలుపు తీయలేదు. ఆ చీకట్లో కూర్చుని చేసే పనేముంది, అక్క బీడీలు చుట్టడం నేర్చుకుంది. మళ్లీ బడికి పోలేదు. ఆ మాట ఆమె ఏనాడూ దెప్పలేదు. నేను టీచరు ఉద్యోగంలో చేరిన రోజు నా చేతి గడియారం పట్టుకుని చూసి, “మంచిగున్నది” అంది, అంతే.

తర్వాతి చలికాలాలన్నీ నాకు ఒకే చలికాలంలా గుర్తున్నాయి. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. డొక్కలు ఎగరేస్తుంటే సందు చివరి ముసలాయనను పిలిచేవారు. ఆయన పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి తెచ్చేవాడు. అవ్వ అరచేయి నా కళ్ల మీద పడితే, ఇక పక్కటెముకల మీద అది తగలబోతోందని తెలిసిపోయేది. తంబాకు అంటిన ఆ అరచేతి ఘాటు, కమిలిన పసుపు వాసన, ఆ తర్వాత నోట్లో పోసే చక్కెర పాలు. ఈనాటికీ ఎవరైనా పసుపు కొమ్ములు ఉడకబెడుతుంటే నా ఒళ్లు ముడుచుకుంటుంది. ఊరూరా పసుపు పండే ఈ జిల్లాలో ఉంటూ పసుపు వాసన తప్పించుకోవాలంటే ఎక్కడికి పోవాలో ఎవరైనా చెప్పాలి. పిల్లలు సందులో ఉరుకుతుంటే నేను గడప మీద కూర్చుని వాళ్ల చెప్పులు కాపలా కాసేదాన్ని. “గంగకు దమ్ము తక్కువ, దాన్ని ఉరికియ్యకుండ్రి” అని అవ్వ కేకేసేది. ఒకరికి జుట్టు తక్కువ, ఒకరికి రంగు తక్కువ, నాకు దమ్ము తక్కువ. అది రోగమని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

తక్కువ నెలల పిల్ల బతకడం అప్పట్లో పెద్ద మాట. అందుకని మా వాడలో ఒక ఆచారం పట్టుకుంది. అలా పుట్టి బతికిన మనిషి ఒడిలో అలాంటి పసిపిల్లను పెట్టి పొగ వేస్తే, ఈ మనిషి ఆయుష్షు ఆ పిల్లకు తగులుతుందని నమ్మకం. దీన్నే ఒడి పట్టడమనేవారు. నాకు ఐదారేళ్లు వచ్చేసరికి నేను ఒక చిన్నపాటి దేవతనయ్యాను. తలకు నూనె రాసి, కొత్త గాజులు వేసి, పీట మీద కూర్చోబెట్టేవారు. ఒళ్లో బరువే తెలియని ఒక మూట పెట్టేవారు. గుప్పెడు చక్కెర నా నోట్లో పోసేవారు. చక్కెర కోసం నేను ఎంతమందినైనా ఒళ్లో పెట్టుకునేదాన్ని. బతికిన పిల్లల తల్లులు కొన్నాళ్లకు వచ్చి, ఆ పిల్లల చేత నాకు దండం పెట్టించేవారు. బతకని పిల్లల తల్లులు రాలేదు, రాలేదేమని ఎవరూ అడగలేదు. ఆ విధంగా నా పేరు పెరిగింది. పెద్దయ్యాక, చదువుకున్నాక కూడా పిలిస్తే పోయాను. తల్లులకు కాస్త ధైర్యం వస్తుంది, నా సొమ్మేం పోయింది, ఒడే కదా అనుకున్నాను.

అక్క గడపలోనే ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకుంది. నడుము వంగింది గానీ గొంతు వంగలేదు. “పాపం బక్కగైనవే” అంటూనే వెనక అర్రలోకి నడిచింది. అర్రలో ఇప్పుడు ఫ్యాను ఉంది, తెల్లటి లైటు ఉంది, గోడకు మౌనిక ఫోను చార్జింగుకు పెట్టి ఉంది. కిటికీ మాత్రం ఇప్పటికీ లేదు. మూలన అవే తునికాకు కట్టలు, అదే తంబాకు సంచి. మంచం మీద మౌనిక, దాని పక్కన ఉన్ని టోపీలో నా పిడికిలంత ముఖం. మంచం పక్కనే కుంపటి. లోపలికి అడుగుపెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“గీ అర్రల కుంపటి ఎందుకే మౌనికా?” అన్నాను.

“దవాఖానల వెచ్చగ ఉంచుమన్నరు చిన్నమ్మమ్మా. నా ఛాతికి ఆనిచ్చి కట్టుకోమన్నరు గూడ. వచ్చేటోళ్లు పోయేటోళ్లు, ఇంట్ల ఎట్ల కట్టుకోను? అమ్మమ్మనేమో గీ అర్ర అన్నిటికన్న వెచ్చగుంటదన్నది.”

“తలుపు కాడ నేనుంట. ఒక్కర్ని రానియ్య. గా కుంపటి బయట పెట్టి...” అక్కడితో నా మాట అయిపోయింది. దగ్గు వచ్చి వాక్యాన్ని మింగేసింది. అక్క వెంటనే నీళ్లు తెచ్చి, వీపు రుద్దుతూ నిలబడింది. పొగ గురించి చెప్పబోయినప్పుడల్లా పొగే అడ్డం వచ్చింది. మందు పీల్చి, గోడకు ఆనుకుని, చిన్న చిన్న ముక్కలుగా చెప్పాను. డాక్టరమ్మ చెప్పిన గదుల సంగతి, సగం బిందె సంగతి, ఈ పిల్లకు ఇంకా సమయం ఉన్న సంగతి. మౌనిక చెవులప్పగించి వింది. దాని చేయి పసిదాని మీదికి జరిగింది. ఇంకొక్క మాట గట్టిగా చెబితే అది లేచి బయటికి వస్తుందని నాకు తెలుస్తోంది.

“నీకు గిప్పుడు ముసలితనానికి వచ్చిన దగ్గుకు పిల్లేం జేసింది?” అంది అక్క.

“ఇప్పుడు రాలేదక్కా. గీ అర్రలనే వచ్చింది. గప్పటి పొగతోని, తంబాకుతోని నా ఊపిరితిత్తులు పెరగలేదు.”

అక్క మంచం కోడు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. తర్వాత నా వంక చూడకుండా, నిప్పుల వంక చూస్తూ మాట్లాడింది. “మంత్రసాని పేరు పెట్టొద్దన్నది. బాపు గడ్డపార దీసుకొని వాకిట్ల కూసున్నడు, ఎప్పుడంటె అప్పుడు గుంత తవ్వుదామని. నేను తలుపు దియ్యలె. నిన్ను ఇయ్యలె. గంత జేసి, నిన్ను నేనే గిట్ల జేసిన్నా గంగా?”

బాపు గడ్డపార సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆ చీకటి అర్రలో తలుపుకు అడ్డంగా కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల నాకు కనిపించింది. వెచ్చదనమూ పొగా ఒకే కుంపటి లోంచి వచ్చాయి. ఒకటి నన్ను నిలబెట్టింది, ఒకటి నా సగం ఊపిరి తీసుకుంది. ఆ రెండింటినీ విడదీసి చూపించే డాక్టరు ఆ రోజు లేడు. ఉన్న ఈ రోజున, విడదీసి చెప్పాల్సింది నేను. అవును అంటే అక్క బతుకంతా తప్పయిపోతుంది. డెబ్బై దాటిన మనిషి దగ్గర నుంచి ఆ ఒక్కటీ లాక్కుంటే ఆమెకింకేం మిగులుతుంది? “లేదక్కా” అన్నాను. “నువ్వు జేసింది తప్పు గాదు.”

“మరింకేంది” అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ.

“గప్పుడు వేరే దారి లేకుండె. గిప్పుడున్నది...” అని అందుకున్నాను గానీ, మౌనిక అప్పటికే అక్క వైపు తిరిగింది. దానికి దొరికిన సాక్ష్యం చాలు. ఒక వైపు ఎప్పుడూ చూడని డాక్టరు మాట, మరో వైపు అరవై దాటి, ఉద్యోగం చేసి, పింఛను తీసుకుంటూ, చీర కట్టుకుని ఎదురుగా నిలబడ్డ నేను. ఏ తల్లయినా ఏది నమ్ముతుంది? “అమ్మమ్మ జేసింది తప్పు గాదంటివి గద చిన్నమ్మమ్మా” అంది మెల్లగా. నేను ఒడి పట్టనన్నాను. కావాలంటే వారం రోజులు ఇక్కడే ఉండి పిల్లను చూసుకుంటానన్నాను. మౌనిక ముఖం తెల్లబోయింది. ఒడి పట్టనంటే ఆ పిల్ల నిలవదని నాకు తెలిసిపోయిందనుకుంది. దాని కళ్లలో నీళ్లు చూసి అక్క నన్ను భుజం పట్టి పీట మీద కూర్చోబెట్టింది. నేను కూర్చున్నాను.

పిల్లను నా ఒళ్లో పెట్టారు. చేతి వేళ్లకు తగిలీ తగలనట్టుంది. లోపల ఎంత ఆదుర్దాగా గాలి తీసుకుంటోందో టోపీ కింద కణతలు చెబుతున్నాయి. అక్క నిప్పుల మీద పొట్టు వేసింది, ఓమ వేసింది. సాంబ్రాణి వేయగానే పొగ లేచి నా మోకాళ్ల దాకా వచ్చింది. నేను వంగి కొంగు కప్పబోయాను. అక్క ఎంతో నెమ్మదిగా, పసిపిల్ల చేతిలోంచి పదునైన వస్తువు తీసుకున్నట్టు, నా కొంగు పక్కకు జరిపింది. “కప్పకు. తగలనియ్యి” అంది. ఊపిరి బిగపట్టడానికి నాకు ఊపిరి లేదు. నేను దగ్గాను. నా ఒళ్లో అది కదిలింది, నోరు తెరిచింది, కాసేపు ఏ శబ్దమూ రాలేదు. తర్వాత దగ్గింది. ఎండుటాకు విరిగినంత చప్పుడు, మళ్లీ ఇంకొకటి. మౌనిక ఆ రోజు మొదటిసారి నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ ఇరుగు పొరుగు ఆడవాళ్లు, దమ్మున్న పిల్లేనమ్మా అనుకున్నారు.

“అచ్చం నీ లెక్కనే దగ్గుతున్నది గంగా” అంది అక్క. ఆమె ముఖంలో అంత సంతోషం నేను చూసి చాలా ఏళ్లయింది.